నల్ల పట్టీలు లేని ఫొటో

“ఇంకా గంటా యాభై నిమిషాలుంది మీకు,” గోడ గడియారం చూస్తూ అన్నాడు ఇన్‌స్పెక్టర్. “సరిగ్గా నాలుగింటికి అమ్మాయిని కోర్టులో హాజరుపరుస్తాను. ఆ తర్వాత మీరు డిటెక్టివైనా నాకొకటే, దాని పెద్దమ్మైనా నాకొకటే.”

“నాలుగుదాకా నేను మీకేమిటి?”

“తలనొప్పి.”

కళ్ళజోడమ్మ నవ్వలేదు. ఇంకో రోజైతే నవ్వేదే. ఆవిడ ఇరవై ఆరేళ్ళు కళ్ళద్దాల దుకాణం నడిపింది. ఎవరి చూపు ఎక్కడ తప్పుతుందో చూసీ చూసీ, చివరికి ఆ విద్యని మనుషుల అబద్ధాల మీదికి మళ్ళించింది. ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు కనక ఊరు ఆ పేరు ఖాయం చేసేసింది. ఇన్‌స్పెక్టర్‌కీ ఒక పేరుంది కానీ ఆయన ముందు ఎవరూ అనరు. మూత. ఏ కేసు చేతికిచ్చినా మూడోరోజుకి మూత పెట్టేస్తాడు. ఈ కేసుకి ఇది మూడోరోజు.

హత్య జరిగింది ఓఎల్ఈడీ అనే కొత్తరకం తెరల ట్యాబ్‌లు తయారుచేసే కంపెనీలో. తెరల్ని కొలిచే ల్యాబులో పెద్దాయన ఒకప్పుడు బడిలో ఫిజిక్స్ చెప్పేవాడు, అందుకని అందరికీ మాస్టారే. మొన్న ఉదయం ఆ మాస్టారు చీకటిగదిలో నేల మీద చచ్చిపడి ఉన్నాడు. కెమెరా స్టాండు కదలకుండా అడుగున పెట్టే ఇనప దిమ్మతో ఎవరో తల వెనక కొట్టారు. శవాన్ని మొదట చూసింది ఆయన సహాయకురాలు, కళ్ళజోడమ్మ చెల్లెలి కూతురు. చిన్నప్పట్నుంచీ నోరు మూసిన పాపాన పోలేదు కనక ఇంట్లో పిచ్చుక అంటారు. దిమ్మ మీద ఉన్నవి పిచ్చుక వేలిముద్రలే. అంతకు ముందురోజు “నా కళ్ళు పోతే మీరిస్తారా మాస్టారూ?” అని పిచ్చుక అరవడం ల్యాబంతా విన్నది. అన్నిటినీ మించి ఒక ఫొటో ఉంది.

పొద్దున లాకప్పులో చూసినప్పుడు పిచ్చుక వెలుతురికి వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చుంది. మూడు నెలలుగా రోజుకి ఆరేసి గంటలు ఆ తెరల ముందు కూర్చుని పరీక్షలు చేసిన పిల్ల.

“కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుంది పెద్దమ్మా,” అంది. “నేను అరిచిన మాట నిజమే. అరిచాక ఆయనేమన్నారో తెలుసా? ‘అందుకేనమ్మా రిపోర్టు రాస్తున్నాను’ అన్నారు. అది ఎవరూ వినలేదు. ఆ దిమ్మ రోజూ జరిపేది నేనే, నా వేలిముద్రలు ఉండవా? మొన్న చీకటిగది తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. అది వెలుగుతుంటే కొలత నడుస్తున్నట్టు, డైరెక్టరైనా తెరవకూడదు. ఇరవై అయిదు నిమిషాలు తలుపు ఇవతలే కూర్చున్నాను. తెరిచుంటే బతికేవారేమో పెద్దమ్మా?”

అప్పుడే దేవుడు పంపినట్టు కంపెనీ కంటి డాక్టరు స్టేషన్‌కి వచ్చాడు. “ఒంటిగంటన్నరకి నా క్లినిక్‌కి పంపండమ్మా, కళ్ళు పరీక్ష చేస్తాను. పిల్ల కోర్టులో నిలబడగలగాలి కదా,” అన్నాడు. ఈ మూడు రోజుల్లో పిచ్చుకని ‘పిల్ల’ అన్న పరాయి మనిషి ఆయనొక్కడే. కళ్ళజోడమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మూత కూడా ఆడ కానిస్టేబుల్ని తోడిచ్చి సరేనన్నాడు.

ఇప్పుడు రెండూ పది. ఆవిడ ల్యాబ్ మేనేజరు గదిలో కూర్చుని ఉంది. ఎదురుగా మేనేజరు, బక్కపల్చటి మనిషి, మాటకోసారి చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. గుమ్మానికి చేరగిలబడి ఇన్‌స్పెక్టర్ వినోదం చూస్తున్నాడు.

“మొన్న మీరు బయటికి ఎన్నింటికి వెళ్ళారు?”

“పదీ ఇరవై ఎనిమిదికండీ. గేటు రిజిస్టర్లో ఉంది.”

“రిజిస్టర్ని అడగలేదు, మిమ్మల్ని అడిగాను.”

“పదీ ఇరవై ఎనిమిదే.”

“అంతదాకా?”

“ఈ గదిలోనే ఉన్నాను. ఒక్కణ్ణే.”

“ఇక్కణ్ణించి చీకటిగదికి ఎన్నడుగులు?”

“పన్నెండు.”

“లెక్కపెట్టారన్నమాట.”

“నేను కాదండీ! ఇన్‌స్పెక్టర్ గారు కొలిచారు, పక్కన నిలబడి చూశాను.”

గుమ్మంలోంచి చిన్న దగ్గు వినిపించింది. కళ్ళజోడమ్మ అటు చూడలేదు.

“మాస్టారి రిపోర్టు ఎప్పుడు పంపాలి?”

“మొన్న మధ్యాహ్నం పన్నెండింటికి.”

“అంటే చచ్చిపోయిన పూటే. ఏముంది అందులో?”

“తెర మిణుకుతోందని. వెలుతురు తగ్గించినకొద్దీ మరీ ఎక్కువని. అమ్మకాలు ఆపమని.”

“నిజంగా మిణుకుతోందా?”

“కంటికి కనబడదండీ.”

“కంటికి కనబడనిదానికి మీరెందుకు భయపడుతున్నారు? ట్యాబ్‌లు చేసే కంపెనీకి మేనేజరు మీరు. మీ బల్ల మీద ఒక్క ట్యాబ్ లేదు, తెల్లకాగితాల మీద పెన్నుతో గీస్తున్నారు.”

మేనేజరు చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాచిపెట్టడానికి ఇంకేమీ మిగలనివాడిలా భుజాలు జారవేశాడు. “అరగంట చూస్తే కళ్ళు మంటలండీ. తలంతా పట్టేస్తుంది. ఇంటికి తీసుకెళ్ళినదాన్ని మా ఆవిడ బీరువాలో పడేసి తాళం వేసింది.”

“మరి బయట ఎన్ని ఉన్నాయి ఇప్పుడు?”

“డెబ్భై వేలు.”

“ఎవరి దగ్గర?”

“బళ్ళల్లో, చదువుకునే పిల్లల దగ్గర.”

దుకాణం రోజుల్లో కళ్ళు చికిలించుకుంటూ వచ్చిన పిల్లలు కళ్ళజోడమ్మకి గుర్తొచ్చారు. బల్లకి అందేవాళ్ళు కాదు, తల్లులు ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండింది.

“రిపోర్టు సంగతి ముందుగా ఎవరెవరికి తెలుసు?”

“నాకు తెలుసు. పైవాళ్ళకి తెలుసు. ‘కంటికి హాయి’ అని సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెట్టినవాళ్ళకి ముందురోజే కాపీ ఇవ్వాలండీ, అది మా పద్ధతి.”

ఆ సంతకం ఎవరిదని ఆవిడ అడిగి ఉండాల్సింది. అడగలేదు. పన్నెండడుగుల దూరంలో ఒంటరిగా కూర్చున్న ఈ చేతిరుమాలు మనిషే చేశాడని పొద్దుటినుంచీ మనసులో ముద్ర కొట్టేసుకుంది. ముద్ర పడ్డాక ఎంతటివాళ్ళకైనా చెవులు సగమే పనిచేస్తాయి.

“చీకటిగది చూడాలి,” అంటూ లేచింది.

“నేను రెండుసార్లు చూశాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అందుకే నేను ఒకసారైనా చూడాలి.”

కిటికీ లేని గది అది. గోడలకి నల్లకాగితం అంటించి ఉంది. మధ్యలో బల్ల, బల్ల మీద నిలబెట్టిన ట్యాబ్, దానికెదురుగా స్టాండు మీద కెమెరా, గోడకి ఒక గడియారం, మేకుకి వేలాడుతూ రోజువారీ కొలతలు రాసే లాగ్ పుస్తకం. దిమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. నేల తుడిచేశారు కానీ బల్లకీ గోడకీ మధ్య మూల సరిగ్గా తుడవలేదు. అక్కడ ముడుచుకుని పడి ఉన్నాడట మాస్టారు. ఆవిడ ఆ మూలకేసి చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఫైలులోంచి ఫొటో తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఇదే బల్ల, ఇదే ట్యాబ్. తెర మీద గడియారం పదీ నలభై రెండు చూపిస్తోంది. వెలుతురు పెంచి తగ్గించే గీత అడుగంటా దింపి ఉంది. ఫొటో మూల కెమెరా వేసిన టైము కూడా పదీ నలభై రెండే.

“ల్యాబ్ కెమెరాలో ఆఖరి ఫొటో ఇది,” అన్నాడు. “చీకటిగదిలోకి ఫోన్లు తీసుకురాకూడదు కనక ఫొటోలన్నీ దీంతోనే తీస్తారు. అంటే పదీ నలభై రెండుకి మాస్టారు బతికే ఉన్నాడు. మీ కంపెనీ కంటి డాక్టరు ఏదో పని మీద వచ్చి పదీ పాతిక్కే వెళ్ళిపోయాడు. ఈ మేనేజరు పదీ ఇరవై ఎనిమిదికి వెళ్ళాడు. మీ పిల్ల పదీ ముప్ఫై అయిదుకి ల్యాబులోకొచ్చింది. పదకొండింటికి కేకలు పెట్టింది. మధ్యలో ఇంకెవరూ లేరు. ఇంకా మీకేం చూడాలనుంది?”

“ఈ ట్యాబుకీ కెమెరాకీ ఇంటర్నెట్ ఉందా?”

“ఈ గదిలో దేనికీ ఉండదండీ,” అన్నాడు వెనకనుంచి మేనేజరు.

“అయితే రెండు గడియారాలూ చేత్తో తిప్పచ్చు.”

“తిప్పచ్చు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “చందమామని కూడా దించచ్చు. దించారని చూపించండి.”

కళ్ళజోడమ్మ కెమెరా అందుకుని మాస్టారు అంతకుముందు తీసిన ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. పది, ఇరవై, అరవై. అన్నీ అదే తెర. ప్రతి ఫొటోలోనూ తెర మీద అడ్డంగా నల్లటి పట్టీలు, చారల చీర ఆరేసినట్టు. మళ్ళీ ఆఖరి ఫొటోకి వచ్చింది. అందులో తెర కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది.

ఆవిడ కెమెరా బల్ల మీద పెట్టేసింది.

“లైటు ఆర్పండి,” అంది. “ఎవరి దగ్గరైనా పెన్సిలుందా?”

మేనేజరు ఇచ్చాడు. లైటు ఆరింది. ఆవిడ ట్యాబ్ వెలిగించి వెలుతురు అడుగంటా దించింది. గదిలో బూడిదరంగు మసక పరుచుకుంది. తెర ముందు పెన్సిలు పట్టుకుని గబగబా అటూ ఇటూ ఊపింది. గాల్లో ఒక మసక చార కనబడాల్సిన చోట పది పన్నెండు పెన్సిళ్ళు విడివిడిగా, విసనకర్ర పుల్లల్లా నిలబడ్డాయి.

“ఇదేమిటి?” ఇన్‌స్పెక్టర్ గొంతులో మొదటిసారి వెటకారం లేదు. పెన్సిలు లాక్కుని తనే ఊపి చూశాడు. మళ్ళీ ఊపాడు.

“ఈ తెరలో వెలుతురు తగ్గించడమంటే వత్తి తగ్గించడం కాదు. సెకనుకి వందలసార్లు ఆర్పి వెలిగిస్తారు. ఆరి ఉండే సేపు పెంచితే మనకి మసగ్గా ఉందనిపిస్తుంది. కన్ను కనిపెట్టలేదు, కానీ పాపం పని మాత్రం చేస్తూనే ఉంటుంది, ప్రతి ఆర్పుకీ వెలుగుకీ. కళ్ళమంటలు, తలపోట్లు అందుకే. మాస్టారు సెకనులో వెయ్యో వంతు తెరుచుకునేలా కెమెరా పెట్టి తీసేవారు. అంత చురుగ్గా తీస్తే ఆరిన చోటు నల్ల పట్టీగా దొరికిపోతుంది. ఆ పట్టీల కోసమే ఆయన ఫొటో తీసేది. పట్టీ లేని ఫొటో ఆయనకి దేనికి?”

“తొందర్లో తప్పు తీసుంటాడు.”

“తప్పు కాదు. ఈ ఫొటో వివరాలు చూడండి. సెకనులో పదిహేనో వంతు. అంత నిదానంగా తీస్తే వెలిగిందీ ఆరిందీ కలిసిపోయి తెర మచ్చలేకుండా వస్తుంది. ఇది ఎవరో కావాలని మార్చారు.”

“అయితే మీ పిల్లే తీసుంటుంది.”

“పదీ నలభై రెండుకి మాస్టారు బతికున్నాడని ఋజువైతే ఉరి ఎవరి మెడకి? తన మెడకి తనే తాడు పేనుకునేటంత తెలివితక్కువది కాదు మా పిల్ల. పైగా దానికి కెమెరా నేర్పింది మాస్టారే. అది తీస్తే పట్టీలే వస్తాయి.”

“ఇదంతా మీ నోటి మాట. కోర్టులో పెన్సిలు ఊపుతారా?”

“లాగ్ పుస్తకం ఊపుతాను.” లైటు వేయించి మేకుకున్న పుస్తకం లాగింది. మొన్నటి పేజీలో మాస్టారి గుండ్రటి చేతిరాత. 9:40, కెమెరా గడియారం గోడ గడియారంతో సరిచూశాను, తేడా లేదు. కింద పొట్టి సంతకం. “ఇప్పుడు కెమెరాలో టైమెంత?”

ఇన్‌స్పెక్టర్ కెమెరా చూశాడు. గోడకేసి చూశాడు. “నాలుగు నిమిషాలు వెనక ఉంది.”

“నెల పేజీలన్నీ తిప్పండి. ఎప్పుడైనా అర నిమిషం తేడా వచ్చిందా? ఫొటో కోసం ముందుకి తిప్పినవాడు మళ్ళీ వెనక్కి తిప్పేటప్పుడు కంగారులో ఎక్కువ తిప్పేశాడు. మాస్టారు పోయింది పదీ నలభై రెండుకి కాదు, పదీ ముప్ఫై అయిదు లోపు, పిల్ల రాకముందే. ఎర్రబల్బు వెలగనిచ్చి తలుపు మూసి వెళ్ళిపోయాడు. నియమం తప్పని పిల్ల కనక బయటే కూర్చుంది.”

ఇన్‌స్పెక్టర్ పేజీలు తిప్పాడు. తొందరపడలేదు. చివరి పేజీదాకా చూసి పుస్తకం మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. ఆ రెండిటికీ తేడా ఏమిటో లాకప్పులో ఉన్నవాళ్ళనడగాలి.

“సరే,” అన్నాడు చివరికి. “ఎవరు?”

కళ్ళజోడమ్మ మేనేజరు వైపు తిరిగింది. “చంపిన చేతులు వణుకుతుంటే మనిషి కొత్త విద్యలు ప్రయోగించడు, రోజూ చేసేదే చేస్తాడు. ఈ తెరని మచ్చలేకుండా ఫొటో తీయడం అలవాటైన చెయ్యి అది. మీ కంపెనీ బొమ్మలన్నీ మీరే తీయిస్తారుగా?”

“అమ్మా, నా బిడ్డల మీద ఒట్టు!” మేనేజరు గోడకి అతుక్కుపోయాడు. “నాకు కెమెరా పట్టుకోవడమే రాదు. తెర ఫొటోలు నన్ను ముట్టుకోనివ్వరు కూడా.”

“ఎవరు ముట్టుకోనివ్వరు?”

అతను వేలెత్తి బయట నడవ గోడ చూపించాడు. అక్కడ అద్దం బిగించిన పెద్ద సర్టిఫికెట్ ఉంది. ‘కంటికి హాయి’ అని పెద్దక్షరాలు. కింద చీకట్లో వెలుగుతున్న ట్యాబ్ ఫొటో, దాని ముందు నవ్వుతున్న చిన్నపిల్ల. వెలుతురు గీత అడుగంటా దింపి ఉంది. తెర మీద ఒక్క పట్టీ లేదు.

“డాక్టరుగారేనండీ. సర్టిఫికెట్‌కి కావాల్సిన తెర ఫొటోలన్నీ ఆయన స్వయంగా ఇదే కెమెరాతో తీస్తారు. సంతకమూ ఆయనదే. ఆయన మాట మీదే స్కూళ్ళవాళ్ళు కొన్నారు. రిపోర్టు కాపీ చూసుకుని మొన్న మాస్టారితో మాట్లాడ్డానికే వచ్చారు.”

“ఇందాకే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు కదండీ.”

కళ్ళజోడమ్మ సర్టిఫికెట్ కింద సంతకం చూసింది. నిజమే, అడగలేదు. డెబ్భై వేల తెరల కింద సంతకం పెట్టిన మనిషి పొద్దున తన ముందు చేతులు కట్టుకుని నిలబడి ‘పిల్ల’ అంటే, కరిగిపోయి దణ్ణం పెట్టింది. పోలీసులు కాదు, కంపెనీ కాదు, తనే పంపింది పిచ్చుకని. తన నోటితో పంపింది.

“ఫోన్ చెయ్యండి,” అంది. “మీ కానిస్టేబుల్‌కి. ఇప్పుడే.”

“అమ్మాయితో ఆయనకేం పని? నేరం ఎలాగూ దాని మీదే ఉందిగా.”

“కేసు కోర్టుకెళ్తే ఆ ఫొటోని నాలాంటివాళ్ళు పదిమంది చూస్తారు. పిల్ల చచ్చిపోతే ఇంకెవరూ చూడరు. చెయ్యండి బాబూ!”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. రెండూ యాభై అయిదు. ఆరుసార్లు మోగాక అటునుంచి కానిస్టేబుల్ గొంతు, వెనకాల బండ్ల చప్పుడు.

“ఎక్కడున్నావ్?”

“మందుల షాపు దగ్గరున్నాను సార్. డాక్టరుగారు చీటీ రాసిచ్చి పంపారు. మూడు షాపులు తిరిగాను, అలాంటి మందే లేదంటున్నారు.”

“అమ్మాయేది?”

“లోపల పడుకోబెట్టారు సార్. రెండింటికి కళ్ళల్లో చుక్కలు వేశారు. దగ్గరివేవీ సాయంత్రందాకా ఆనవట. పాపం తడుముకుంటోంది.”

“అమ్మాయిని వదిలి రావద్దన్నానా లేదా? వెనక్కి పరిగెత్తు. ముందు పరిగెత్తు!” అరుస్తూనే ఇన్‌స్పెక్టర్ నడవలోకి దూకాడు. కళ్ళజోడమ్మ వెనకే మెట్లు దిగింది. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది.

“వెళ్తున్నా సార్,” ఫోన్‌లో కానిస్టేబుల్ రొప్పుతోంది.

“అమ్మా,” ఫోన్‌కేసి వంగి అరిచింది కళ్ళజోడమ్మ, “నేను దాని పెద్దమ్మని. చుక్కలు కాకుండా ఇంకేమైనా ఇచ్చాడా దానికి? తాగడానికి, తినడానికి?”

“ఇవ్వలేదండీ, నేనున్నంతసేపూ ఇవ్వలేదు. పరీక్షకి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారంతే. అక్షరాలు కనబడ్డం లేదు కదా, డాక్టరుగారే వేలు పట్టుకుని చోటు చూపించారు.” అడుగుల చప్పుడు, ఆయాసం. తర్వాత గొంతు కొంచెం తగ్గింది. “అమ్మా, ఒకటి అడగనా? కాగితం తీసుకునేటప్పుడు పై వరస నా కంట పడింది. ‘మాస్టారూ, నన్ను క్షమించండి’ అని ఉంది. కంటి పరీక్ష కాగితాల మీద అలా రాస్తారాండీ?”